సందేహాలు – సమాధానాలు: కారులో పాటల సెట్టు ఎవరి చేత పెట్టించాలి?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో వాగన్ఆర్ కింది వేరియంటు కొన్నాను. స్టీరియో లేదు. పదిహేను వేల వరకు పెట్టగలను. ఒక షాపులో ఫిట్టింగు ఫ్రీ అంటున్నారు, ఇంకో చోట లేబర్ చార్జి వేరే అంటున్నారు. ఎవరిని నమ్మాలి?
– ఒక ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: ఫ్రీ ఫిట్టింగు అంటే ఆ కూలి ప్లేయరు ధరలోనో, స్పీకర్ల ధరలోనో కలిసిపోయి ఉంటుంది. అంతవరకే అయితే పెద్ద ఇబ్బంది లేదు. కానీ పనికి విడిగా డబ్బు రానిచోట, ఈ బండిని పంపించి ఇంకోదాన్ని లోపలికి తీసుకోవాలన్న తొందరే ఎక్కువగా ఉంటుంది. ఆ తొందరకు బలయ్యేది మీ వైరింగు. నన్నడిగితే లేబర్ వేరే చెప్పిన షాపుకే ముందు వెళ్తాను. ధర బేరమాడాలంటే ప్లేయరు మీద ఆడండి.

షాపుకు వెళ్లాక షోకేసు ముందు కాదు, పని జరుగుతున్న కారు పక్కన ఓ పావుగంట నిలబడండి. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్‌ను స్క్రూడ్రైవరుతో పెకలిస్తున్నాడా, దానికోసమే ఉండే ప్లాస్టిక్ పట్టీతో తీస్తున్నాడా? కరెంటు వస్తోందో లేదో చూడటానికి వైరులోకి సూది గుచ్చుతున్నాడా, మీటరు పెడుతున్నాడా? ఇన్సులేషన్ పళ్లతో లాగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి మనిషి కనిపిస్తే మారుమాట లేకుండా వచ్చేయండి.

తర్వాత ఒకే ప్రశ్న వేయండి: "కప్లర్‌తో పెడతారా, వైర్లు కట్ చేస్తారా?" మారుతి, హ్యుందయ్ లాంటి బండ్లకు కంపెనీ సాకెట్టులో నేరుగా దూరిపోయే కప్లర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. ఆ కాసిన్ని డబ్బులకు వెనకాడి వైర్లు తెంపి, మెలితిప్పి, నల్ల టేపు చుట్టేవాళ్లు చాలామంది. మే నెల ఎండలో కారు రెండు గంటలు నిలబడితే డ్యాష్‌బోర్డు వెనక టేపు జిగురు కరిగి కారుతుంది, చుట్టు వదులవుతుంది. పాట మధ్యలో ఆగిపోవడం దగ్గర మొదలై ఫ్యూజు ఎగిరేదాకా వస్తుంది. ఎక్కడైనా అతుకు తప్పదంటే సోల్డరింగు చేసి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడగమనండి. ఆ మాట వినగానే విసుక్కునేవాడు మీకు పనికిరాడు.

మీ ఊరి టాక్సీ స్టాండులోనూ అడగండి. సెట్టు పెట్టించిన మొదటి వారం అందరూ బాగుందనే అంటారు. రెండేళ్లుగా రోజంతా మోగుతున్న సెట్టు ఎవరిదో, దాన్ని పెట్టింది ఎవరో కనుక్కోండి. విజయవాడ ఆటోనగర్‌లో షాపులకు కొదవలేదు గానీ, చిన్న రిపేరుకు కూడా మళ్లీ అంత దూరం వెళ్లాలి. పనితనం తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ తణుకులోనే దొరికితే అతని దగ్గరే పెట్టించండి.

మీ బడ్జెట్‌కు పేరున్న కంపెనీ మామూలు ప్లేయరు, ముందు డోర్లకు ఒక జత మంచి స్పీకర్లు చాలు. వెనకవి తర్వాత చూసుకోవచ్చు. డబ్బా మీద 50 వాట్లు ఇంటూ నాలుగు అని ఉంటే మురిసిపోకండి, అది గరిష్ఠం. ఆర్‌ఎంఎస్ అని రాసినదే అసలు లెక్క. మామూలు ప్లేయర్లలో అది ఒక్కో స్పీకరుకు 20 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇంట్లోవాళ్లతో కలిసి వినడానికి అది సరిపోతుంది.

డబ్బు చేతికిచ్చే ముందు హారను, ఇండికేటర్లు, పవర్ విండోలు, ఏసీ అన్నీ చూసుకోండి. మీటరులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరుతోందో లేదో గమనించండి. తర్వాత డప్పు ఉన్న పాట పెట్టి బ్యాలెన్సు పూర్తిగా ఎడమకు తిప్పండి, మళ్లీ మధ్యకు తెండి. రెండు స్పీకర్లూ కలిసి మోగినప్పుడు డప్పు పలచబడితే ఒకదానికి ప్లస్సు, మైనస్సు తారుమారైనట్టే. అక్కడికక్కడే సరిచేయించండి, రెండు నిమిషాల పని.

ప్రశ్న: ఆండ్రాయిడ్ ప్లేయరు పెట్టించాక మూడు రోజులు ఊరెళ్లి వస్తే కారు స్టార్టు కాలేదు. బ్యాటరీ పోయింది, మార్చాలంటున్నాడు షాపతను.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: బ్యాటరీ కొనకండి, ముందు వైరు చూపించండి. ప్లేయరుకు రెండు కరెంటు వైర్లుంటాయి. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి వెళ్లాలి, సమయం, సెట్టింగులు గుర్తుండటానికి. ఎరుపుది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటికి వెళ్లాలి. తొందరలో రెండింటినీ కలిపి ఒకేచోట ముడివేస్తే, మీరు తాళం తీసి ఇంటికెళ్లినా ప్లేయరు నిద్రపోదు. చిన్న కారు బ్యాటరీ సుమారు 35 ఆంపియర్ అవర్లు. అర ఆంపియరు చొప్పున కారుతున్నా రోజుకు 12 పోతుంది. మీ మూడు రోజుల లెక్క దాదాపు సరిపోయింది కదా!

బండి లాకు చేసి అరగంట ఆగాక, బ్యాటరీ మైనస్ దగ్గర మీటరు పెట్టి చూడమనండి. మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. దాటితే ప్లేయరు ఫ్యూజు పీకి మళ్లీ చూడాలి. అప్పుడు తగ్గిందంటే దొంగ దొరికినట్టే. ఈ పరీక్ష ఎలా చేయాలో షాపతనికి తెలియకపోతే వేరే ఎలక్ట్రీషియన్‌ను వెతుక్కోండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు ప్లేయరు కొన్నాను. ఏ షాపుకు వెళ్లినా మొహం చిట్లిస్తున్నారు.
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ న్యాయమేనమ్మా. సరుకు మీద లాభం మీ దగ్గర రాలేదు, రేపు ప్లేయరు చెడిపోతే నింద మాత్రం వాళ్ల మీద పడుతుంది. లేబర్ కొంచెం ఎక్కువే అడుగుతారు, ఇవ్వండి. బిగించకముందే విడిగా బ్యాటరీకి కలిపి మోగించి చూడమనండి. లోపముంటే అప్పుడే వాపసు పంపవచ్చు.

ప్రశ్న: కొత్త కారుకు బయట స్టీరియో పెట్టిస్తే వారంటీ పోతుందని షోరూములో బెదిరిస్తున్నారు. బయటి షాపతనేమో నడిచేటప్పుడు కూడా వీడియో వచ్చేలా చేస్తానంటున్నాడు.
– ఒక వ్యాపారి, కరీంనగర్

జవాబు: ఇంజను వారంటీకి, స్టీరియోకి సంబంధం లేదు. కానీ కంపెనీ వైర్లు కట్ చేశారంటే రేపు ఎలక్ట్రికల్ లోపం ఏది వచ్చినా తప్పించుకోవడానికి వాళ్లకు సాకు దొరుకుతుంది. కప్లర్‌తో పెట్టించి జీఎస్టీ బిల్లు తీసుకోండి. ఇన్సూరెన్సు కంపెనీకీ తెలియజేయండి. మామూలుగా సెట్టు విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం కడితే అదీ పాలసీలోకి వస్తుంది. షాపుతో తగువొస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. చేతిలో బిల్లు లేకపోతే మీ మాటకు ఆధారముండదు.

ఇక ఆ వీడియో సంగతి. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటేనే బొమ్మ రావాలని ప్లేయరులో ఒక వైరు విడిగా పెడతారు. దాన్ని బాడీకి ఎర్త్ చేసి ప్లేయరును మోసం చేయడమే అతను చెప్పే గొప్ప పని. అది మాత్రం చేయించకండి. అడక్కుండా తనంతట తానే చేస్తానన్నవాడి దగ్గర మిగతా వైరింగు కూడా పెట్టించొద్దు.