తెర మారినా మీటలు మారలేదు

నేటి యుగం కంప్యూటర్ యుగమని ప్రతి సభలోనూ వింటున్నాం. కానీ ఆ కంప్యూటర్‌ను చూపు లేని మేము ఎలా వాడతామని అడిగేవారు తక్కువ. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. మేము వాడేది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో దీన్ని మొదలుపెట్టాడు. తనలాగే చూపు లేని జేమ్స్ టే అతనితో చేయి కలిపాడు. విండోస్‌లో జాస్ అనే స్క్రీన్ రీడర్ 1995 నుంచే ఉంది గానీ, దాని ధర హాస్టల్ విద్యార్థికి అందేది కాదు. ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. గొంతు కొంచెం మరమనిషి గొంతులా ఉంటుంది, వారం రోజుల్లో అలవాటైపోతుంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసింది. పాతవాటి స్థానంలో విండోస్ 11 కంప్యూటర్లు వస్తున్నాయి. చూపున్నవారికి ఈ మార్పు ఒక పూట పని. మాకు అలా కాదు. మా మనసులో ఉండేది తెర బొమ్మ కాదు, దారి. టాబ్ ఎన్నిసార్లు నొక్కితే ఏది వస్తుందన్న లెక్క. రావులపాలెం బస్టాండులో అమలాపురం బస్సు ఆగే చోటును రాత్రికి రాత్రి మార్చేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే. లెక్క తప్పితే స్కాలర్‌షిప్ దరఖాస్తు సగంలో ఆగిపోతుంది. పక్కవారిని పిలవాలి, పాస్‌వర్డ్ కూడా వాళ్ళకే చెప్పాలి. మాకు అసలు బాధ అక్కడే.

అయితే మారింది ఎక్కువగా బొమ్మే. స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి మధ్యకు వచ్చింది. విండోస్ మీట నొక్కి, కావలసిన ప్రోగ్రామ్ పేరు టైపు చేసి, ఎంటర్ కొట్టేవారికి ఆ తేడాయే తెలియదు. ఫైళ్ళ దగ్గర కుడి క్లిక్ మెనూ చిన్నదైంది. అందులో కట్, కాపీ, రీనేమ్ అనేవి గుర్తులుగా మారాయి. వాటిని వెతకనక్కరలేదు. కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ సి, ఎఫ్2 మునుపటిలాగే పనిచేస్తాయి. పాత పెద్ద మెనూయే కావాలంటే షిఫ్ట్ ఎఫ్10. నిజంగా మారిన మీట ఒకటుంది. విండోస్ 10లో విండోస్ ఎ నొక్కితే నోటిఫికేషన్లు, వైఫై వంటి సెట్టింగులు కలిపి వచ్చేవి. ఇప్పుడు దానికి సెట్టింగులు మాత్రమే వస్తాయి. నోటిఫికేషన్లకు విండోస్ ఎన్ నొక్కాలి.

దారి తప్పినప్పుడు కంప్యూటర్నే అడగాలి. ఇన్సర్ట్ పట్టుకుని టి నొక్కితే ఏ కిటికీలో ఉన్నామో చెబుతుంది. ఇన్సర్ట్‌తో టాబ్ నొక్కితే ఏ గడిలో ఉన్నామో చెబుతుంది. ఇన్సర్ట్‌తో 1 నొక్కితే, ఆ తర్వాత ఏ మీట నొక్కినా దాని పేరే పలుకుతుంది, పని మాత్రం జరగదు. కొత్త కీబోర్డును తడిమి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి గురువు లేదు. అదే మళ్ళీ నొక్కితే మామూలైపోతుంది.

ఎన్‌వీడీఏను మన సెట్టింగులతో సహా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. అది లాగిన్ తెర దగ్గర పలకదు. అక్కడ కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కితే విండోస్‌లోనే ఉన్న నరేటర్ గొంతు విప్పుతుంది.

ఎంత నేర్చినా లొంగనిది ఒకటుంది. డీటీపీ షాపుల్లో పాత ఫాంట్లతో చేసిన తెలుగు నోట్సు. చూసేవారికి అది చక్కని తెలుగే. లోపల దాగినవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, కాబట్టి మాకు వినిపించేది అర్థంలేని గోల. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. అందులో టైపు చేసినది ఏ విండోస్‌లోనైనా మాకు వినిపిస్తుంది.

కాబట్టి మిత్రులారా, మాకు కంప్యూటర్ చూపించేటప్పుడు "అదిగో, ఆ మూలన" అనకండి, మీట పేరు చెప్పండి. ఈ సంచికకు వ్యాసాలు రాసినవారు యూనికోడ్‌లో ఒక ప్రతి మా పెన్‌డ్రైవ్‌లో వేస్తే, అచ్చయ్యేలోపే మేము చదివేస్తాం.