దానం నుంచి చందాకు

పూర్వం మన సమాజంలో పరోపకారమంటే ప్రధానంగా దానమే. బాటసారికి సత్రం, మండువేసవిలో చలివేంద్రం, ఆకలిగొన్నవారికి అన్నం ఇవన్నీ ఉన్నవారు లేనివారికి సమకూర్చినవి. గోదావరి తీరాన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా చూడక వచ్చినవారందరికీ అన్నం పెట్టి ‘అపర అన్నపూర్ణ’గా కీర్తి గడించింది. ఆమె త్యాగం సాటిలేనిది. అయితే దానంలో ఇచ్చే చేయి ఎప్పుడూ పైన, పుచ్చుకొనే చేయి ఎప్పుడూ కింద ఉంటాయి. దాత కన్నుమూస్తే పొయ్యి ఆరిపోయే ప్రమాదమూ ఉంది.

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో తెలుగువారికి మరొక మార్గం అలవడింది. అది సంఘం. అందులో అందరూ కొద్దికొద్దిగా ఇస్తారు, అందరూ పొందుతారు. గ్రంథాలయోద్యమం దీనికి చక్కని ఉదాహరణ.

నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాష. తెలుగు చదువుకు ఆదరణ కరువు. అటువంటి కాలంలో 1901లో హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు దానికి అండగా నిలిచారు. సభ జరపడానికి సైతం సర్కారు అనుమతి కావలసిన ఆ రాజ్యంలో పుస్తకం చుట్టూ నలుగురు కూడడమే ఒక సాహసం.

బ్రిటిషు పాలనలోని ఆంధ్ర ప్రాంతంలో ఈ ఉద్యమానికి అయ్యంకి వెంకటరమణయ్య ప్రాణం పోశారు. 1914లో బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమై రాష్ట్రస్థాయి సంఘాన్ని ఏర్పరచుకొన్నారు. చిన్ననాటి నుంచి దృష్టిలోపంతో బాధపడిన చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆ సభకు అధ్యక్షులు కావడం విశేషం. 1918లో వేటపాలెం యువకులు ఆరంభించిన గ్రంథాలయమే సారస్వత నికేతనం. 1929లో అక్కడికి వచ్చిన గాంధీజీ చేతికర్రను గ్రంథాలయంవారు భద్రపరచుకొన్నారు. 1935లో పాతూరి నాగభూషణం పూనికతో నాటి గుంటూరు జిల్లాలో పుస్తకాలు పడవ కూడా ఎక్కాయి. కాలువ వెంట కొల్లూరు ప్రాంతపు పల్లెలకు ఆ పడవే గ్రంథాలయమైంది.

ఈ సంస్థలకు చందాలే ఆధారం. చదువు వచ్చినవాడు పత్రికను బిగ్గరగా చదివితే, రానివాడు చుట్టూ కూర్చుని వినేవాడు. అక్కడ దాత ఎవరో, గ్రహీత ఎవరో చెప్పడం కష్టం.

1948లో మద్రాసు రాష్ట్రంలో, 1955లో హైదరాబాదు రాష్ట్రంలో, 1960లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఏర్పడింది. నిధులకు భరోసా కలిగింది. అయితే ఇష్టపడి ఇచ్చిన చందా స్థానంలో తప్పనిసరి పన్ను వచ్చింది. చందా చెల్లించినవాడు గ్రంథాలయం తనదనుకొనేవాడు, తలుపు మూసి ఉంటే నిలదీసేవాడు. పన్ను రశీదులో ఆ పద్దును గమనించేవారు మాత్రం అరుదు.