వీధి ఎవరిది?

'వీధి' అన్న మాటకు మన వాడుకలో రెండర్థాలున్నాయి. ఒకటి, మనం నడిచే దారి. రెండోది, ఆ దారికి అటూ ఇటూ కాపురముండే జనం. 'మా వీధిలో పెళ్లి' అన్నప్పుడు మనం తారురోడ్డు సంగతి చెప్పటం లేదు, మనుషుల సంగతి చెబుతున్నాం. నగరాలు పెరిగిన కొద్దీ ఈ రెండో అర్థం అరిగిపోతున్నది. వాహనాలను ఆపి, వీధిని కొన్ని గంటలపాటు మనుషులకు అప్పగిస్తే ఆ అర్థం తిరిగి వస్తుందా? వస్తే ఏ షరతుల మీద వస్తుంది? ఈ చిన్న వ్యాసంలో నేను పరిశీలించదలచినది ఇదే. ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కరలేదు. నేను పుట్టి పెరిగిన సికిందరాబాదే చాలు.

వాహనం తెచ్చిన దూరం

ముందుగా ఒక ప్రసిద్ధ పరిశోధన గురించి చెప్పాలి. డోనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ఆచార్యుడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో దగ్గర దగ్గరగా ఉన్న మూడు వీధులను ఎంచుకున్నాడు. మొదటి వీధిలో రోజుకు సుమారు 2,000 వాహనాలు పోతాయి, రెండో దాంట్లో 8,000, మూడో దాంట్లో 16,000. మూడు వీధుల వాళ్లనూ అడిగిన ప్రశ్న ఒక్కటే: 'ఈ వీధిలో మీకు స్నేహితులెంతమంది? ముఖపరిచయం ఉన్నవాళ్లెంతమంది?' వాహనాలు తక్కువున్న వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురికి పైగా పరిచయస్తులు తేలారు. వాహనాలు ఎక్కువున్న వీధిలో స్నేహితుల లెక్క ఒకటికి కూడా చేరలేదు. పరిచయస్తులు ముగ్గురు. 'మీ ఇల్లు ఎంతవరకు?' అని గీసి చూపమంటే, మొదటి వీధి వాళ్లు వీధినంతా కలుపుకుని గీశారు. మూడో వీధి వాళ్లు తలుపు దగ్గరే గీత ఆపేశారు. ఈ ఫలితాలు 1972లో వెలువడ్డాయి. 1981లో ఆయన వీటిని పుస్తకంగా విస్తరించాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రద్దీ వీధిలో అద్దెకుండేవాళ్లు ఎక్కువ, పిల్లలున్న కుటుంబాలు దాదాపు లేవు. కనుక తేడా అంతా వాహనాల వల్లనే అని కచ్చితంగా అనలేం. కాని పిల్లలున్నవాళ్లు ఆ వీధిలో ఎందుకు నిలవలేదు అని అడిగితే మళ్లీ వాహనాల దగ్గరికే వస్తాం గదా!

మన దేశంలో ఈ ప్రశ్న స్నేహాలతో ఆగదు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో కాలినడకన పోయేవాళ్లే 32,825 మంది. అందుకే 'రోడ్డు మీదికి పోకురా' అనేది ప్రతి తల్లి నోటా వచ్చే మాట అయింది. చిర్రగోనె, గోలీలు, అష్టాచెమ్మా వీధి అరుగుల మీంచి మాయమైనయంటే ఒక్క టీవీనీ, సెల్‌ఫోన్‌నీ తప్పు పట్టి లాభం లేదు.

లష్కరు నేర్పే పాఠం

వీధిని మనుషులకు ఇవ్వటం మనకు కొత్త విద్య కాదు. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఈ ఊరికి సికిందరాబాదు అని పేరొచ్చింది. అప్పటికే ఇక్కడ ఇంగ్లీషు సైన్యం దిగి ఉంది. కనుకనే జనం నోట్లో ఇది 'లష్కరు'. 1813లో కలరా ప్రబలినప్పుడు, సైన్యంతో ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి 1815లో ఇక్కడ అమ్మవారిని ప్రతిష్ఠించాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది. అంటే లష్కర్ బోనాల పుట్టుకలోనే ఒక అంటురోగపు భయం ఉంది. నలుగురూ కలిసి ఆ భయాన్ని దాటాలన్న తపన ఉంది.

ఆషాఢంలో ఆ ఆదివారం గుడి చుట్టుపక్కల రోడ్ల మీద వాహనాలను మళ్లిస్తారు. హారన్ల మోతతో చెవులు పగిలే జనరల్ బజారు వైపు ఆ రోజు డప్పు వినిపిస్తుంది. వేపమండలు కట్టి, పసుపు పూసి, పైన దీపం పెట్టిన బోనాలతో ఆడవాళ్లు బారులు తీరుతారు. బస్తీల నుంచి ఫలహారం బండ్లు కదులుతాయి. పోతరాజు ముందు చిందేస్తాడు. మర్నాడు సోమవారం రంగం, భవిష్యవాణి. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

భక్తి సంగతి అట్లా ఉంచి, విద్యార్థిగా చూస్తే ఇందులో నాకు మూడు సంగతులు కనిపిస్తాయి. మొదటిది, ఇది ఏటా తప్పకుండా వస్తుందని అందరికీ తెలుసు. దుకాణదారు సరుకు ముందే దించుకుంటాడు, అత్తారింటి నుంచి ఆడబిడ్డ ముందే బయలుదేరుతుంది. రెండోది, ప్రతివాళ్లకూ ఏదో ఒక పని ఉంటుంది. కుండ చేసేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు, వరుసలో నిలబడ్డవాళ్లకు మంచినీళ్లిచ్చేవాళ్లు ఉంటారు. ఊరికే చూసేవాళ్లు తక్కువ. మూడోది, పండుగ బాధ్యత బస్తీదే. పోలీసులు దారి మళ్లిస్తారు, అంతే.

కాని పరిమితి కూడా చెప్పుకోవాలి. సికిందరాబాదులో గుడితో పాటు మసీదులు, చర్చిలు, గురుద్వారా, పార్సీల అగ్ని ఆలయం అన్నీ ఉన్నాయి. ఎవరి పండుగకు వాళ్లు వీధిని తీసుకుంటారు, మిగతావాళ్లు ఓర్చుకుంటారు. ఓర్చుకోవటం మంచిదే. అయితే ఏ ఒక్కరి పండుగా కాకుండా అందరూ కలిసి నిలబడే రోజు కూడా ఒకటి ఉండాలి గదా. వాహనాలు లేని ఆదివారం అవసరం ఇక్కడే పుడుతుంది.

ట్యాంక్‌బండ్ మీద, బొగోటాలో

2021 ఆగస్టు 29న ట్యాంక్‌బండ్‌పై ఆ ప్రయత్నం జరిగింది. జంటనగరాలను కలిపే ఆ కట్ట మీద ఆదివారం సాయంత్రం 5 నుంచి రాత్రి 10 గంటల దాకా వాహనాలు ఆపేశారు. కరోనా రెండో తాకిడి తర్వాత ఇళ్లల్లోంచి బయటపడ్డ జనం కుటుంబాలతో సహా తరలివచ్చారు. అక్టోబరులో అదే పద్ధతి చార్మినార్ దగ్గరా మొదలైంది. అంతకు ముందు, 2013 నవంబరులో గుర్‌గావ్‌లో ప్రారంభమైన 'రాహ్‌గిరి' 2015లో మన ఐటి ప్రాంతానికీ వచ్చింది.

ఇవి మంచి ప్రయత్నాలే. కాని ట్యాంక్‌బండ్ మీద ఎవరి ఇల్లూ లేదు. అక్కడికి వచ్చేవాళ్లు సందర్శకులే. సాయంత్రం బాగా గడుస్తుంది గాని, పక్కింటివాళ్లతో పరిచయం పెరగదు. పైగా ఈ కార్యక్రమం ప్రతివారం నిరాటంకంగా సాగలేదు. ఈ వారం ఉందో లేదో పేపరు చూసి తెలుసుకోవాల్సి వస్తే అది అలవాటుగా మారదు.

కొలంబియా రాజధాని బొగోటాలో 1974 డిసెంబరు 15న ఇట్లాంటిదే మొదలైంది. దాన్ని 'సిక్లోవియా' అంటారు. ఇవాళ ప్రతి ఆదివారం, సెలవుదినం ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లు సైకిళ్లకు, నడిచేవాళ్లకు దక్కుతాయి. దాని రహస్యం ఏంటంటే, క్రమం తప్పకపోవటం. అడ్డరోడ్ల దగ్గర కార్యకర్తలు నిలబడి ఒకసారి జనాన్ని, ఒకసారి బండ్లను వదులుతారు. అందుచేత ఊరు స్తంభించదు.

అభ్యంతరాలు

'దారి మూస్తే ప్రాణం మీదికి వస్తే ఎట్లా?' అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఒకసారి మా పక్క వీధిలో పందిరి అడ్డంగా వేశారు. ఆయాసంతో ఉన్న ఒక ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మేం నలుగురం మోసుకెళ్లి పెద్దరోడ్డు మీద ఆటో ఎక్కించాం. ఆ నిమిషాల్లో ఆయన ఎగశ్వాస వింటూ నడిచిన నేను ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోలేను. అయితే ఒక భేదం గమనించాలి. పందిరి వీధిని మూస్తుంది. వాహనాలు లేని రోజు వీధిని తెరుస్తుంది. ఆగి ఉన్న బండ్లు, కదలని కార్లు లేనప్పుడే అంబులెన్సుకు దారి బాగా దొరుకుతుంది, నడుమ స్థలం విడిచిపెట్టాలన్న నియమం పాటిస్తే.

ఇక దుకాణదారుల మాట. బండి ఆగితేనే బేరం అని వాళ్ల నమ్మకం. కాని బజారులో కొనేది మనిషేగాని కారు కాదు. అందునా 2017 నుంచి ప్యారడైజ్, సికిందరాబాదు మీదుగా మెట్రో నడుస్తున్నది. తోపుడుబండ్ల వాళ్లను మాత్రం 'శుభ్రం' పేరుతో తరిమేయకూడదు. వీధిని బతికిస్తున్నవాళ్లలో వాళ్లే మొదటివాళ్లు.

మనం చేయగలిగింది

కాబట్టి నా సూచన చిన్నది. మహాత్మాగాంధీ రోడ్డుతో మొదలుపెట్టొద్దు. ఇళ్లున్న ఒక చిన్న వీధిని ఎంచుకుందాం. నెలకొక ఆదివారం, పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు, ఏడాది పొడుగునా తప్పకుండా. వీధివాళ్ల ఒప్పుకోలు, పోలీసుల అనుమతి ముందే తీసుకోవాలి. వేదిక వద్దు, మైకు వద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు. పిల్లలకు ఆట, ముసలివాళ్లకు కుర్చీలు, ఇంటికొక పని ఉంటే చాలు. మన సంఘం సభ్యులు వంతులవారీగా వీధి మొదట్లో నిలబడాలి.

మొదటి రోజునే ప్రతి ఇంటికీ వెళ్లి ఆపిల్‌యార్డ్ అడిగిన ప్రశ్నే అడుగుదాం: 'ఈ వీధిలో మీకు తెలిసినవాళ్లెంతమంది?' పన్నెండు నెలల తర్వాత మళ్లీ అదే ప్రశ్న. సంఖ్య పెరగకపోతే ఈ పద్ధతి మనకు పనికిరాదని నిజాయితీగా రాసుకుందాం. పెరిగితే మాత్రం, వచ్చే అంటురోగానికో వరదకో ఎవరింట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో ఆ వీధికి ముందే తెలిసి ఉంటుంది. మనం చదువుకున్న సమాజశాస్త్రానికి అంతకు మించిన పరీక్ష ఏముంటుంది?