బాలింత మేకకు జబ్బు చేస్తే

కూకట్‌పల్లి ఒకప్పుడు పల్లె. చుట్టూ పొలాలు, చెరువులు, బీడు భూములు ఉండేవి. మేకల మేతకు కొదవ లేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వచ్చింది. 2007లో కూకట్‌పల్లి హైదరాబాద్ మహానగరంలో కలిసింది. బీళ్లు పోయాయి. అపార్టుమెంట్లు లేచాయి. అయినా బస్తీల్లో మేకలు పూర్తిగా పోలేదు. బోనాలకు, బక్రీదుకు మేకపోతు మంచి ధర పలుకుతుంది. ఆడవాళ్ల చేతికి నాలుగు పైసలు వస్తాయి.

అలాంటి ఒక బస్తీలో అత్త, కోడలు ఉన్నారు. కోడలు పొద్దున్నే అపార్టుమెంట్లలో పనికి పోతుంది. అత్త ఇంటి దగ్గర మేకను చూసుకుంటుంది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఆ మేకను కొన్నారు. నెల నెలా కిస్తీ కట్టాలి. మేక పోతే అప్పు మాత్రం మిగులుతుంది.

మేక ఈనింది

మేక చూలు సుమారు 150 రోజులు. అంటే ఐదు నెలలు. మేక చూలు కట్టిన తేదీని కోడలు క్యాలెండరు మీద రాసి పెట్టుకుంది.

సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి బలంగా ఉంది. ఇంకొకటి చిన్నది. కోడలు పిల్లల ముక్కు, నోరు శుభ్రమైన గుడ్డతో తుడిచింది. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టింది. బొగ్గుముక్కతో గోడ మీద రాసింది: "సోమవారం. 4 గంటలు. రెండు పిల్లలు." తర్వాత పనికి పోయింది.

మధ్యాహ్నం వచ్చి చూస్తే పిల్లలు అరుస్తున్నాయి. చిన్న పిల్ల లేవలేకపోతోంది.

"అత్తమ్మా, పిల్లలకు పాలు తాపలేదా?"

"మాయ పడలేదు గదనే. మాయ పడేదాక తాపొద్దు. మా అమ్మ గట్లనే చెప్పింది. మొదటి పాలు పిండి పారబోసిన."

అత్త చెడు చెయ్యాలని చెయ్యలేదు. తాను విన్నదే చేసింది. కాని ఆ మాట తప్పు.

ఈనిన తర్వాత వచ్చే మొదటి పాలను ముర్రుపాలు అంటారు. పుట్టిన పిల్లకు జబ్బులను ఆపే శక్తి ఆ పాల నుంచే వస్తుంది. ఆ శక్తిని పిల్ల కడుపు మొదటి కొన్ని గంటల్లోనే బాగా తీసుకుంటుంది. ఆలస్యం అయితే పాలు తాగినా ఆ శక్తి అంతగా అందదు. అందుకే పుట్టిన గంటలోపు తాపాలి. రెండు కిలోల పిల్లకు మొదటి రోజు 200 మిల్లీలీటర్లయినా పట్టాలి. ఒక్కసారే కాదు, నాలుగైదు సార్లుగా తాపాలి.

ఇంకో సంగతి ఉంది. పిల్ల చన్ను చీకితే తల్లి గర్భసంచి ముడుచుకుంటుంది. మాయ పడటానికి అది సాయం చేస్తుంది. అంటే, మాయ పడటానికే పాలు తాపాలి.

కోడలు వెంటనే పిల్లలను చన్ను దగ్గర పెట్టింది. పెద్ద పిల్ల తాగింది. చిన్న పిల్లకు చీకే బలం లేదు.

మాయ పడలేదు

సాయంత్రం 4 గంటలు దాటింది. మాయ ఇంకా వేలాడుతూనే ఉంది. మామూలుగా 12 గంటల లోపల మాయ పడిపోవాలి.

పక్కింటి పెద్దమ్మ వచ్చింది. "మాయకు పాత చెప్పు కట్టు. ఆ బరువుకు అదే పడుతది" అంది.

"వద్దు పెద్దమ్మా. లాగితే లోపల తెగుతదట. ముక్క లోపలనే ఉండి కుళ్లుతదట. పశువుల డాక్టరు చెప్పిండు" అంది కోడలు. పోయిన ఏడు పశువైద్య శిబిరంలో ఆమె ఆ మాట విన్నది.

పెద్దమ్మ ఫంక్షన్ హాలు నుంచి తెచ్చిన అన్నం గిన్నె ముందు పెట్టింది. "బాలింత మేక. బలం కావాలె." కోడలు అదీ వద్దంది. మేక కడుపు ఆకులకు, గడ్డికి అలవాటు పడింది. ఒక్కసారిగా ఎక్కువ అన్నం, గింజలు తింటే కడుపులో పులుపు పెరుగుతుంది. కడుపు ఉబ్బుతుంది. ప్రాణం కూడా పోవచ్చు.

మంగళవారం తెల్లవారింది. మేక మేత ముట్టలేదు. నెమరు వెయ్యలేదు. మాయ దగ్గర చెడు వాసన వస్తోంది. పొదుగు కుడి పక్క వేడిగా, గట్టిగా ఉంది. చిన్న పిల్ల ఆ రాత్రే చనిపోయింది.

కోడలు పనికి పోలేదు. గోడ మీద రాసింది కాగితం మీద ఎక్కించింది. ఆటోలో మేకను పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరు అడిగిన ప్రశ్నలు

"ఎప్పుడు ఈనింది? మాయ పడిందా? ఎప్పటి నుంచి తినట్లేదు?" అని డాక్టరమ్మ అడిగింది. కోడలు కాగితం చూసి చెప్పింది. తడబడలేదు.

డాక్టరమ్మ మేక మలద్వారంలో థర్మామీటరు పెట్టింది. 105 డిగ్రీలు. మేకకు మామూలుగా 101.5 నుంచి 103.5 డిగ్రీల వరకు ఉంటుంది.

"గర్భసంచికి చీము పట్టింది. పొదుగు వాపు కూడా మొదలైంది. ఈ రోజు తెచ్చి మంచి పని చేశావమ్మా" అంది.

సూదిమందు ఇచ్చింది. మరుసటి రోజు, ఆ మరుసటి రోజు కూడా రమ్మంది. "కొంచెం నయం కాగానే మందు ఆపొద్దు. ఈ మందు వాడినప్పుడు పాలు మనుషులు తాగొద్దు, అమ్మొద్దు. ఎన్ని రోజులో చీటీ మీద రాశాను" అని చెప్పింది.

ఇంటి దగ్గర సేవ

అత్త, కోడలు పని పంచుకున్నారు. కొట్టంలో తడి తీసి పొడి గడ్డి పరిచారు. గోరువెచ్చని నీళ్లు ముందు పెట్టారు. రావి ఆకు, సుబాబుల్ ఆకు కొంచెం కొంచెంగా వేశారు. వాచిన పక్క పాలను రోజుకు నాలుగుసార్లు గిన్నెలోకి పిండి, దూరంగా గుంతలో పోసి పూడ్చారు. చేతులు సబ్బుతో కడుక్కున్నారు.

పిల్లకు పక్కింటి మేక పాలు గోరువెచ్చగా చేసి సీసాతో తాపారు. పిల్లను నిలబెట్టి తాపాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

బుధవారం మాయ దానంతట అదే పడింది. కోడలు చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చింది. కుక్కలకు వెయ్యలేదు. మేకల జబ్బులు కొన్ని మాయ నుంచి, పచ్చి పాల నుంచి మనుషులకు అంటుకుంటాయి. గర్భిణీలు ఈ పనులకు దూరంగా ఉండాలి.

శుక్రవారం మేక నెమరు వేసింది. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. పొదుగు కుడి పక్క మాత్రం మునుపటిలా కాలేదు. ఆ వైపు పాలు తగ్గాయి.

మరుసటి ఏడు ఆ మేకే మళ్లీ ఈనింది. కోడలు బొగ్గుముక్క వెతుకుతోంది. అత్త అప్పటికే పిల్లను చన్ను దగ్గర పెట్టింది.

"ముందుగాల గిది రాయి బిడ్డా. పిల్లలు పాలు తాగినయి" అంది.

గుర్తుంచుకోండి

1. ఈనిన వేళ రాసి పెట్టుకోవాలి. 12 గంటలకు మాయ పడకపోతే డాక్టరుకు చూపించాలి. లాగొద్దు. బరువు కట్టొద్దు.

2. ఈనిన తర్వాత రెండు మూడు వారాల వరకు ఎర్రని, గోధుమ రంగు మైల కొద్దిగా పోవడం మామూలే. చెడు వాసన వస్తే జబ్బు.

3. ఈనిన మేక తూలుతూ, చెవులు చల్లబడి, పడిపోతే అది పాల జ్వరం కావచ్చు. పేరులో జ్వరం ఉన్నా ఒళ్లు వేడిగా ఉండదు. ఒంట్లో కాల్షియం తగ్గితే వస్తుంది. నోట్లో నీళ్లు, మందు పొయ్యొద్దు. వెంటనే డాక్టరును పిలవాలి.

4. పాలలో ముక్కలు, నెత్తురు కనిపిస్తే పొదుగు వాపు. పొదుగు నల్లబడి చల్లబడితే ఒక్క గంట కూడా ఆగొద్దు.

5. పాలు కాచి మాత్రమే తాగాలి.

6. హైదరాబాద్‌లో నారాయణగూడలో పెద్ద పశువుల ఆసుపత్రి ఉంది. తెలంగాణలో 2017లో పల్లెల కోసం 1962 నంబరుతో పశువైద్య వాహనాలు మొదలయ్యాయి.

మాట్లాడుకోండి

1. చిన్న పిల్ల ఎందుకు చనిపోయింది? ఏం చేస్తే బతికేది?

2. గోడ మీద రాత డాక్టరుకు ఎలా పనికి వచ్చింది?

3. మీ ఇంట్లో మొదటి పాల గురించి పెద్దలు ఏం చెబుతారు? తల్లికి పుట్టిన బిడ్డకు మొదటి పాలు పడుతున్నారా?

4. మీకు దగ్గరలో పశువుల ఆసుపత్రి ఎక్కడ ఉంది? ఏ వేళల్లో తెరిచి ఉంటుంది? తెలుసుకుని పలక మీద రాయండి.