న్యాయ సలహా: నాన్నగారి తుపాకీ అమ్మాలంటే...

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ఆయన పేరిట లైసెన్సుతో 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ, పాయింట్ 32 రివాల్వర్ ఉన్నాయి. తాతగారి నాటి నాటు తుపాకీ ఒకటి గోడకు వేలాడుతోంది. అది లైసెన్సులో లేదు. చూపు తగ్గింది, మూడూ అమ్మేద్దామంటున్నారు నాన్నగారు. తెలిసినాయన ఒకరు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని, డబ్బిచ్చి పట్టుకెళ్తానంటున్నారు. ఇవ్వొచ్చా?
- ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా

జవాబు: లైసెన్సున్న రెండింటినీ అమ్మొచ్చు. అయితే స్టాంపు కాగితం రాసుకున్నంత మాత్రాన ఆ అమ్మకం చెల్లదు.

సొంత వాడకానికి చట్టబద్ధంగా ఉంచుకున్న ఆయుధాన్ని, డీలరు లైసెన్సు లేకుండానే మరొకరికి అమ్ముకునే వీలు 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5(2)లో ఉంది. అందుకు రెండు షరతులు. జిల్లా మేజిస్ట్రేటుకు గానీ, దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి గానీ ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. అలా తెలిపాక కనీసం 45 రోజులు గడవాలి. కమిషనరేట్ ఉన్నచోట మేజిస్ట్రేటు స్థానంలో పోలీస్ కమిషనర్ ఉంటారు.

ఆ లేఖలో అమ్మే ఆయుధం వివరాలు, కొనే వ్యక్తి పేరు, చిరునామా ఉండాలి. తుపాకీ మీది నంబరు, లైసెన్సు నంబరు కూడా రాయండి. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుని దాచండి. 45 రోజుల లెక్కకు అదే మీ రుజువు.

ఈలోగా కొనేవారి లైసెన్సు చూడండి. జిరాక్సు చాలదు, అసలు పుస్తకమే చూడాలి. గడువు ఉందా? అందులో ఈ రకం ఆయుధానికి అనుమతి ఉందా? 2019 సవరణ తర్వాత సాధారణంగా ఒకరికి రెండు తుపాకులే పరిమితి. ఆయనకు ఇప్పటికే రెండుంటే మీది కొనే వీల్లేదు. కొనేవారికి అర్హత ఉందో లేదో ముందుగా తేల్చుకోకుండా ఆయుధం అప్పగిస్తే సెక్షన్ 29 కింద అదీ నేరమే. తూటాలకూ ఇదే నియమం. తుపాకీతో పాటు ఊరికే ఇచ్చేయకూడదు. అమ్మకం పూర్తయ్యాక నాన్నగారి లైసెన్సులోంచి ఆ ఆయుధాన్ని తీసేయించాలి. లేకుంటే రేపు ఆ తుపాకీతో ఏం జరిగినా పోలీసులు ముందు మీ గడపే తొక్కుతారు.

సెక్షన్ 5ను ఉల్లంఘించి అమ్మితే కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. తెలిసినాయన తొందరను ఈ శిక్షతో తూచి చూడండి.

నాటు తుపాకీ సంగతి వేరు. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధానికి సెక్షన్ 45 మినహాయింపు ఇస్తుంది. పేలే అవకాశం ఉంటే మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడమే నేరం. రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అందుకని దాన్ని అమ్మకానికి పెట్టకండి. న్యాయవాదితో మాట్లాడి, ఆయన ద్వారా పోలీసులకు తెలియజేయండి. నూరేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం కిందికి వచ్చే అవకాశమూ ఉంది. అప్పుడు దాన్ని జ్ఞాపకంగా విదేశాలకు పంపడం కూడా కుదరదు.

అమ్మడం ఇష్టం లేకపోతే మరో దారి ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, వారసుల్లో తాను నిర్ణయించిన వారికి దాన్ని బదిలీ చేయమని కోరేందుకు 2016 ఆయుధాల నియమాలు వీలిస్తున్నాయి. తీసుకునేవారికి లైసెన్సు రావాలి, రెండు ఆయుధాల పరిమితి వారికీ వర్తిస్తుంది. ఇవేవీ తేలకముందే లైసెన్సుదారు కన్నుమూస్తే, వారసులు ఆయుధాలను ఆలస్యం లేకుండా పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే చాలదు.

మీరు అడ్వాన్సు తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేయండి. ముందు లేఖ ఇవ్వండి, 45 రోజులు ఆగండి, కొనేవారి అర్హత తేల్చుకోండి. ఆ తర్వాతే తుపాకీ గడప దాటాలి.