నల్లబడ్డ సానరాయి ఏ రాయి?

పాత సానరాయి దొరగ్గానే మూల విరిచి చూడకండి, రాయి పోతుంది. ఆ నలుపు రాయిది కాకపోవచ్చు; ఏళ్ల తరబడి గడ్డకట్టిన నూనె, ఇనుప రజను. రెండ్రోజులు కిరసనాయిల్లో నానేసి, బ్రష్‌తో రుద్ది, బాగా ఆరనిస్తే అసలు రంగు తేలుతుంది.

అయినా రంగును నమ్మితే బోల్తా పడతాం. అమెరికాలోని ఆర్కన్సా రాళ్లు తెలుపు, బూడిద, నలుపు ఇలా చాలా రంగుల్లో ఉంటాయి, కానీ అన్నీ నోవాక్యులైటే, అంటే దాదాపు సిలికా. తేడా సాంద్రతలో ఉంది. ఫస్టియర్లో మనల్ని విసిగించిన ఆర్కిమెడిస్ ఇక్కడ పనికొస్తాడు: గాలిలో బరువును, నీళ్లలో తగ్గిన బరువుతో భాగించండి. క్వార్ట్జ్‌ది 2.65. దానికి దగ్గరగా వస్తే చివరి పదునుకి వాడే గట్టిరాయి. బాగా తగ్గితే రంధ్రాలెక్కువున్న సాఫ్ట్ లేదా వాషిటా రకం, ఉక్కును త్వరగా అరగదీస్తుంది. అది నీళ్లు పీల్చేలోపే రీడింగ్ తీసేయాలి. లోపల నూనె మిగిలినా లెక్క తప్పుతుంది.