తోటి స్త్రీ తోడు: హెచ్.ఐ.వి. చికిత్సలో ఒక పాఠం

నేను సోషల్ వర్క్ చదువుకొని బెంగళూరులో హెచ్.ఐ.వి. కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కూలికి వచ్చిన తెలుగు ఆడవాళ్లు చాలామంది ఉంటారు. ఈ పాఠంలో జబ్బు గురించి కొంత, అలాంటి ఆడవాళ్లకు అండగా నిలిచే తోటి కార్యకర్తల గురించి ఎక్కువగా చెబుతాను.

ముందుగా తెలుసుకోవలసినవి

మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదట 1986లో చెన్నైలో గుర్తించారు. డాక్టర్ సునీతి సోలమన్ పర్యవేక్షణలో నిర్మల అనే వైద్య విద్యార్థిని చేసిన పరిశోధన వల్ల ఇది బయటపడింది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స ఇవ్వాలన్నది విధానం.

ఈ మందు వైరస్‌ను పూర్తిగా తొలగించదు, అణచి ఉంచుతుంది. క్రమంగా వాడి, వైరస్ పరీక్షకు అందనంత తగ్గిన స్థితిలో నిలిచినవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదు. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. సరైన చికిత్సతో అది 5 కంటే తగ్గుతుంది. మధ్యలో మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగకుండా పోవచ్చు కూడా.

మందు ఉచితమైనా కష్టం ఎక్కడ?

మందుల కోసం వస్తే ఆ రోజు కూలి పోతుంది. బస్సు ఛార్జీలు కావాలి. ఆసుపత్రి వరుసలో తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న భయం వీటికి తోడు. భర్త పోయిన స్త్రీ, సెక్స్ వర్కర్, ట్రాన్స్‌జెండర్ మహిళ, వీరికి ఇల్లు అద్దెకు దొరకడమే కష్టం. ఇక రహస్యం బయటపడితే ఉన్న గది కూడా పోతుంది.

ఇక్కడే తోటి కార్యకర్త అవసరం. ఆమె కూడా అదే మందు వేసుకుంటున్న స్త్రీ. ఒకసారి నా ఎదుటే ఒకామె, "అక్కా, డబ్బా కదిలిస్తే మాత్రలు గలగలమంటాయి, అత్త అడుగుతుంది" అంది. నాకు జవాబు తోచలేదు. పక్కనున్న కార్యకర్త, "లోపల కాస్త దూది పెట్టుకోమ్మా, నేను అలాగే చేస్తాను" అంది. ఏ పుస్తకంలోనూ నేను చదవని మాట అది.

ఇది కొత్త పద్ధతి కాదు. కోల్‌కతాలోని సోనాగాచిలో 1992 నుంచే సెక్స్ వర్కర్లు తోటివారికి ఆరోగ్యం గురించి చెబుతూ వచ్చారు. 1998లో హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలు చెన్నైలో పాజిటివ్ విమెన్ నెట్‌వర్క్ స్థాపించుకున్నారు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 2001లో మొదలైన మదర్స్ టు మదర్స్ సంస్థ, హెచ్.ఐ.వి. ఉన్న తల్లులకే శిక్షణ, జీతం ఇచ్చి గర్భిణులకు తోడుగా నియమించింది.

ఆమెకు మనం ఇవ్వవలసినది

ఒక విషయం బాగా ఆలోచించండి. తోటి కార్యకర్తకు తన అనుభవమే అర్హత. కాని దాన్ని వాడిన ప్రతిసారీ తన రహస్యాన్ని మరొకరి చేతిలో పెడుతుంది. వీధిలో ఒక్కరు నోరు జారితే ఆమె పిల్లల బడి వరకు ఆ మాట వెళుతుంది. కాబట్టి ఆమె పనిని కేవలం సేవ అని పొగిడి ఊరుకోకూడదు. తగిన వేతనం, శిక్షణ, గోప్యత ఆమెకు దక్కాలి.

2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం చదువు, ఉద్యోగం, వైద్యం, అద్దె ఇల్లు విషయాల్లో వివక్షను నిషేధించింది. గోప్యతకు కూడా రక్షణ కల్పించింది. తల్లిదండ్రులకు నా మనవి: మీ పిల్లల తరగతిలో ఎవరి ఇంటి గురించైనా ఇలాంటి మాట వినబడితే అది మీ దగ్గరే ఆగిపోవాలి. సందేహాలుంటే 1097 ఉచిత హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

విద్యార్థులు ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మందు మధ్యలో మానేస్తే ఏమవుతుంది?
2. డాక్టరు చెప్పలేనిది తోటి కార్యకర్త ఎలా చెప్పగలుగుతుంది?
3. ఆమె రహస్యాన్ని కాపాడడంలో మీ వంతు ఏమిటి?